ఊపిరాడక పుట్టిన బిడ్డ: మొదటి మూడు రోజుల్లో షుగర్, సోడియం, కాల్షియం... ఏది ముందు సరిచేయాలి?

పీజీ_పిల్లలవార్డు:

అందరికీ నమస్తే. చాలా రోజులుగా అడగాలనుకుంటున్న విషయం ఇది. ఇక్కడ రాసేది ఏ ఒక్క బిడ్డ వివరాలూ కావు, వార్డులో తరచూ కనిపించే తీరును కలిపి రాస్తున్నాను.

నెలలు నిండిన బిడ్డ, బరువు 3 కిలోలు. పుట్టగానే ఏడవలేదు, బ్యాగ్, మాస్క్‌తో ఊపిరి అందించారు. బొడ్డు తాడు రక్తంలో పీహెచ్ 6.95, అంటే ఆమ్లత్వం బాగా ఎక్కువ. కాసేపటికి మందకొడిగా ఉన్నాడు, సార్నాట్ రెండో దశ (ఆక్సిజన్ అందక మెదడుకు మధ్యస్థంగా దెబ్బ) అని రాశారు. 10 శాతం డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజ్ నీళ్లు, రోజుకు కిలోకు 60 మి.లీ. చొప్పున మొదలుపెట్టారు. మొదటి గంటలో షుగర్ 168. ఆరు గంటలకు 34. మర్నాటికి సోడియం 126, పొటాషియం 6.3, కాల్షియం 6.9. అప్పుడే చేతులు వణకడం మొదలైంది.

పుస్తకంలో ఇవన్నీ వేరువేరు అధ్యాయాలు. బిడ్డ ఒంట్లో మాత్రం అన్నీ ఒకేసారి వస్తాయి. ఒకదాన్ని సరిచేయబోతే ఇంకొకటి పాడవుతుందేమోనని టెన్షన్. షుగర్ అంత ఎక్కువ నుంచి అంత తక్కువకు ఎందుకు పడుతుంది? సోడియం తగ్గితే ఉప్పు ఇవ్వాలా, నీళ్లు తగ్గించాలా? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి కొంచెం వివరంగా చెప్పండి.

నవజాత_వైద్యుడు:

మంచి ప్రశ్న. ముందు షుగర్ సంగతి చూద్దాం, ఎందుకంటే ఇందులో గంటల్లో నష్టం చేసేదీ, నిమిషాల్లో సరిచేయగలిగేదీ అదే.

ఊపిరాడనప్పుడు బిడ్డ ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్ ఉప్పెనలా పెరుగుతాయి. కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్ అంతా కరిగి రక్తంలోకి వస్తుంది. మీరు చూసిన 168 అదే. అది బిడ్డ బాగున్నాడనడానికి గుర్తు కాదు, నిల్వ ఖర్చయిపోతోందనడానికి గుర్తు. ఆక్సిజన్ ఉంటే ఒక గ్లూకోజ్ అణువు నుంచి 30కి పైగా ఏటీపీలు (కణాలకు శక్తినిచ్చే అణువులు) తయారవుతాయి, లేకపోతే రెండే. అదే పని నడవాలంటే ఎన్నో రెట్లు గ్లూకోజ్ తగలబడాలి, మిగిలేది లాక్టిక్ ఆమ్లం. నిల్వ అయిపోయాక కాలేయం కొత్త గ్లూకోజ్ తయారు చేయాలి కదా, కానీ దానికీ ఆక్సిజన్ దెబ్బ తగిలింది. అందుకే కొన్ని గంటల్లో నేల మీదికి పడిపోతుంది.

దీనికి తోడు ఇంకో కారణం ఉంది, దాన్ని చాలామంది మర్చిపోతారు. ఒత్తిడిలో పుట్టిన కొందరు పిల్లల్లో ఇన్సులిన్ అవసరానికి మించి విడుదలవుతూనే ఉంటుంది. ఇది ఒక్కరోజుతో పోదు, రోజులు, ఒక్కోసారి వారాలు ఉంటుంది. ఇన్సులిన్ ఎక్కువగా ఉంటే కీటోన్లు తయారవవు. అంటే గ్లూకోజ్ లేని సమయంలో మెదడుకు దొరికే రెండో ఇంధనం కూడా ఉండదు. మామూలు బిడ్డలో 34కీ, ఈ బిడ్డలో 34కీ తేడా అక్కడే ఉంది.

2004లో వచ్చిన ఒక అధ్యయనం బొడ్డు తాడు పీహెచ్ 7 కంటే తక్కువగా ఉన్న నెలలు నిండిన పిల్లలను చూసింది. మొదటి షుగర్ 40 లేదా అంతకంటే తక్కువ ఉన్నవాళ్లలో మెదడు దెబ్బ ఎక్కువగా కనిపించింది. తర్వాత కూల్‌క్యాప్ ట్రయల్ (ఇలాంటి పిల్లల తల చల్లబరిచి చూసిన అధ్యయనం) సమాచారాన్ని మళ్లీ తిరగేసినప్పుడు, అందులో చేర్చిన మొదటి 12 గంటల్లో షుగర్ తక్కువైన పిల్లల్లోనే కాదు, 150 దాటిన పిల్లల్లో కూడా ఫలితాలు బాగా లేవని తేలింది. ఎక్కువ షుగరే కారణమా, లేక దెబ్బ పెద్దది కాబట్టి షుగర్ పెరిగిందా అనేది వేరే చర్చ. రెండు వైపులా కాపలా కాయాలి అన్నది మాత్రం ఖాయం.

పీజీ_పిల్లలవార్డు:

థాంక్యూ సార్. మరి 34 వస్తే 25 శాతం డెక్స్‌ట్రోజ్ గబగబా ఎక్కించేవాళ్లను చూశాను. త్వరగా పెరుగుతుంది కదా అంటారు.

నవజాత_వైద్యుడు:

వద్దండి. 25 శాతం చిన్న సిరను కాలుస్తుంది. షుగర్ ఒక్కసారిగా పైకి లేస్తే క్లోమం ఇన్సులిన్ వదులుతుంది, అరగంటకో గంటకో మళ్లీ కిందికి వచ్చేస్తుంది. 10 శాతం డెక్స్‌ట్రోజ్ కిలోకు 2 మి.లీ., అంటే 3 కిలోల బిడ్డకు 6 మి.లీ., ఇచ్చి వెంటనే డ్రిప్ నిమిషానికి కిలోకు 6 నుంచి 8 మి.గ్రా. గ్లూకోజ్ అందేలా పెంచాలి. బోలస్ (ఒక్కసారిగా ఇచ్చే ఆ డోసు) ఇచ్చి డ్రిప్ పాత వేగంలోనే వదిలేస్తే ఇచ్చినదానికి అర్థం లేదు. 15 నుంచి 30 నిమిషాల్లో మళ్లీ చూడాలి.

ఇప్పుడు మీ కేసులో లెక్క వేసి చూడండి. కిలోకు 60 మి.లీ. అంటే రోజుకు 180, గంటకు 7.5 మి.లీ. డెక్స్‌ట్రోజ్ శాతాన్ని గంటకు వెళ్లే మి.లీ.తో గుణించి, దాన్ని బరువుకు ఆరు రెట్లతో భాగిస్తే ఎంత వస్తుంది?

పీజీ_పిల్లలవార్డు:

10 ఇంటూ 7.5, భాగించు 18. 4.2 సార్. అంటే మామూలు బిడ్డ అవసరానికే కింది అంచున ఉంది!

నవజాత_వైద్యుడు:

అదీ సంగతి. మెదడు వాపు వస్తుందేమో, కిడ్నీ దెబ్బతిందేమో అని నీళ్లు తగ్గిస్తాం. తగ్గించిన నీళ్లతో పాటు గ్లూకోజ్ కూడా తగ్గిపోతోందని ఎవరూ చార్టులో రాయరు. ఇంకా తగ్గించి 40 మి.లీ.కి తెస్తే అదే 10 శాతంతో అందేది 2.8. నీళ్లు తగ్గించిన ప్రతిసారీ డెక్స్‌ట్రోజ్ గాఢత పెంచాలి. 60 మి.లీ.లో 6 మి.గ్రా. అందాలంటే దాదాపు 14.5 శాతం కావాలి, 40 మి.లీ.లో అయితే 21 దాటుతుంది. చేతి సిరలో 12.5 శాతం మించకూడదు కాబట్టి బొడ్డు సిర లైన్ వేయాల్సిందే. ఇలాంటి బిడ్డకు మొదటి గంటల్లోనే ఆ లైన్ పెట్టేసుకోవడం మేలు. ఒళ్లంతా ఉబ్బాక, సిరలు దొరకనప్పుడు వెతుక్కోవడం కంటే అది నయం.

అసలు ఊపిరాడని ప్రతి బిడ్డకూ కళ్లు మూసుకుని నీళ్లు తగ్గించాలనడానికి గట్టి ఆధారం లేదు. మూత్రం, తూకం, సోడియం చూసి బిడ్డ బిడ్డకూ వేరుగా నిర్ణయించాలి.

నైట్‌డ్యూటీ_సిస్టర్:

సార్ చెప్పిన లెక్కలన్నీ బాగున్నాయి, కానీ ఆ 34 నిజంగా 34 అవునో కాదో ముందు చూడండి డాక్టర్ గారూ. షాక్‌లో ఉన్న బిడ్డ కాలు చల్లగా ఉంటుంది, రక్తం సరిగా రాదు, పిండి పిండి తీస్తారు. ఆ చుక్కలో వచ్చే అంకెను నమ్మలేం. మడమ వెచ్చగా చేయాలి, పక్కవైపు గుచ్చాలి, స్పిరిట్ పూర్తిగా ఆరాక గుచ్చాలి. డెక్స్‌ట్రోజ్ వెళ్తున్న లైన్‌లోంచి తీస్తే తప్పుడు 200 వస్తుంది. అది చూసి ఇన్సులిన్ గురించి మాట్లాడేవాళ్లూ ఉంటారు, ఆ మాట వినగానే నాకు భయం వేస్తుంది.

ఇంకొకటి, షుగర్ ఎప్పుడెప్పుడు చూడాలో ఆర్డర్‌లో టైమ్‌తో రాయండి. "షుగర్ మానిటర్ చేయండి" అని రాస్తే పది మంది బిడ్డలున్న రాత్రి అది జరగదు. మేం పాటించే పద్ధతి ఇది: పుట్టాక మొదటి గంటలో ఒకసారి, తర్వాత 2, 4, 6, 12 గంటలకు, ఆపైన ఆరు గంటలకోసారి మూడు రోజులు పూర్తయ్యేదాకా. పడితే మాత్రం నిలకడగా 50 పైన వచ్చేదాకా గంటకోసారి.

ల్యాబ్_బల్ల:

సిస్టర్ గారి మాటకు నా వైపు నుంచి కొంత కలుపుతాను. గ్లూకోమీటర్ పెద్దవాళ్ల షుగర్ కోసం తయారైన యంత్రం, తక్కువ అంకెల దగ్గర 10, 15 అటూ ఇటూ చూపిస్తుంది. రక్తం చిక్కగా ఉన్న బిడ్డలో, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) 65 దాటినవాళ్లలో, ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. కాబట్టి తక్కువ వస్తే ల్యాబ్‌కు శాంపిల్ పంపండి. పంపి రిపోర్టు కోసం కూర్చోకండి, వైద్యం మొదలుపెట్టేయండి.

ఫ్లోరైడ్ ఉన్న గ్రే మూత ట్యూబులోనే పంపాలి. మామూలు ట్యూబులో గంటసేపు బల్ల మీద ఉంటే రక్తకణాలు ఆ గ్లూకోజ్‌ను తినేస్తూ ఉంటాయి, గంటకు 5 నుంచి 7 శాతం దాకా తగ్గిపోతుంది. అప్పుడు నేనిచ్చే అంకె బిడ్డది కాదు, ట్యూబుది.

పొటాషియం 6.3 అన్నారు. మడమ పిండి తీసిన శాంపిల్ అయితే సగం సందేహించండి. కణాలు పగిలి లోపలి పొటాషియం బయటికి వస్తుంది. సీరం ఎర్రగా ఉంటే మేం "హెమోలైజ్డ్" అని రాస్తాం, ఆ మాట దాటేసి అంకె ఒక్కటే చూడకండి. సిర నుంచో ధమని నుంచో మళ్లీ తీసి పంపండి.

చిన్నాసుపత్రి_డాక్టర్:

అన్నీ బాగానే ఉన్నాయి కానీ మా దగ్గర ధమని లైన్ లేదు, రాత్రిపూట ఎలక్ట్రోలైట్ రిపోర్టు రాదు. బిడ్డను పంపేలోపు చేయగలిగింది చేస్తాం. నా అనుమానం సోడియం దగ్గర. 126 అంటే తక్కువే కదా, వణుకు కూడా ఉంది. డ్రిప్‌లో సోడియం కలిపేస్తే తప్పేంటి? లేకపోతే 3 శాతం సెలైన్ కొంచెం ఇచ్చి పంపితే దారిలో ఫిట్స్ రావు అని నా ఉద్దేశం.

నవజాత_వైద్యుడు:

ఇక్కడ నేను గట్టిగా కాదంటాను. ఆ బిడ్డ తూకం ఎంత?

చిన్నాసుపత్రి_డాక్టర్:

రోజూ తూకం చూసే అలవాటు మా దగ్గర లేదండి. లైన్లు, ఆక్సిజన్ పెట్టిన బిడ్డను కదపాలంటే భయం.

నవజాత_వైద్యుడు:

ఆ ఒక్క అంకె లేకుండా సోడియం 126కు అర్థం చెప్పలేం. మామూలుగా నెలలు నిండిన బిడ్డ మొదటి వారంలో 5 నుంచి 10 శాతం దాకా బరువు తగ్గాలి. మర్నాటికి తగ్గకపోగా 80, 100 గ్రాములు పెరిగాడంటే ఒంట్లో ఉప్పు తగ్గలేదు, నీళ్లు పెరిగాయి. ఊపిరాడని బిడ్డలో ఏడీహెచ్ అనే హార్మోన్ ఎక్కువగా వస్తుంది, కిడ్నీ నీళ్లను పట్టి ఉంచుతుంది. లేదా కిడ్నీ గొట్టాలే దెబ్బతిని మూత్రం రాదు. రెండింటిలోనూ మనం ఎక్కించే సోడియం లేని డెక్స్‌ట్రోజ్ నీళ్లు లోపలే ఉండిపోతాయి. ఇంకో దారి కూడా ఉంది. కాన్పులో తల్లికి ఆక్సిటోసిన్‌తో పాటు ఉప్పు లేని ద్రవాలు ఎక్కువగా ఎక్కిస్తే ఆమె సోడియమే తగ్గుతుంది, బిడ్డ ఆ తక్కువ సోడియంతోనే పుడతాడు. అందుకే మొదటి ఆరేడు గంటల్లోనే సోడియం తక్కువ వస్తే తల్లి చార్టు కూడా తెప్పించుకుని చూస్తాను.

నీళ్లు ఎక్కువై తగ్గిన సోడియానికి ఉప్పు ఇస్తే ఆ ఉప్పు ఇంకా నీళ్లను పట్టుకుంటుంది, వాపు పెరుగుతుంది. ఇక్కడ వైద్యం నీళ్లు తగ్గించడమే, గ్లూకోజ్ గాఢత పెంచి. 3 శాతం సెలైన్ ఎప్పుడంటే, సోడియం 120 కంటే కిందికి పోయినప్పుడు, లేదా సోడియం వల్లే ఫిట్స్ వస్తున్నాయని అనిపించినప్పుడు. అదీ నెమ్మదిగా. 24 గంటల్లో 8 నుంచి 10 మించి పెంచకూడదు. తొందరపడి 126ని 140 చేస్తే మెదడు కణాల్లోంచి నీళ్లు ఒక్కసారిగా బయటికి వస్తాయి, అప్పటికే దెబ్బతిన్న మెదడు అది.

బరువు తగ్గి, మూత్రం బాగా పోస్తూ సోడియం తక్కువ ఉంటే అప్పుడు ఉప్పు పోతోందని అర్థం. కిడ్నీ కోలుకునే దశలో, రెండు మూడు రోజుల తర్వాత, మూత్రం ధారాళంగా వచ్చేటప్పుడు ఇది జరుగుతుంది. అప్పుడు సోడియం ఇవ్వాలి. ఒకే 126, వైద్యం పూర్తిగా తలకిందులు.

నైట్‌డ్యూటీ_సిస్టర్:

చిన్నాసుపత్రి డాక్టర్ గారూ, తూకం అంత కష్టమేం కాదండి. ఇద్దరు సిస్టర్లు ఉంటే ఒకరు ట్యూబులు, లైన్లు ఎత్తి పట్టుకుంటారు, ఒకరు బిడ్డను తూస్తారు. చేతికి కట్టిన చెక్క బద్ద, ట్యూబు బరువు ముందే తూచి రాసి పెట్టుకుంటాం, అవి తీసేస్తాం లెక్కలోంచి. రోజూ అదే యంత్రం మీద తూయాలి. మూత్రానికి డైపర్ తూయడమే. పొడి డైపర్ బరువు తీసేస్తే గ్రాముకు ఒక మి.లీ. గంటకు కిలోకు 1 మి.లీ. కంటే తక్కువ వస్తుంటే మాకు చెప్పాల్సిన పని లేదు, మేమే డాక్టర్‌ను లేపుతాం.

చిన్నాసుపత్రి_డాక్టర్:

డైపర్ తూయడం రేపటి నుంచే మొదలుపెడతాం. మరి ఇలాంటి బిడ్డకు మొదటి రోజు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూసే రక్తపరీక్ష) 0.9 వస్తే, కిడ్నీ బాగుందని అనుకోవచ్చా?

నవజాత_వైద్యుడు:

మొదటి రోజు కనిపించేది చాలావరకు తల్లి క్రియాటినిన్. రెండో రోజు, మూడో రోజు అది తగ్గుతోందా, పెరుగుతోందా అన్నదే మన సమాచారం. మూత్రం సరిగా వచ్చేదాకా, పొటాషియం తెలిసేదాకా డ్రిప్‌లో పొటాషియం కలపకండి.

తీవ్రశ్వాస_ఫెలో:

పొటాషియం దగ్గర ఒక మాట. మెదడును కాపాడటానికి బిడ్డకు కూలింగ్ ఇస్తుంటే, అంటే 72 గంటలు 33.5 డిగ్రీల దగ్గర ఉంచుతుంటే, పొటాషియం కణాల లోపలికి పోతుంది. రక్తంలో 3.2, 3.3 కనిపిస్తుంది. తక్కువైందని డ్రిప్‌లో గట్టిగా కలిపేస్తే, వేడి చేసేటప్పుడు అది మళ్లీ బయటికి వస్తుంది, మనం కలిపిందీ తోడవుతుంది. గంటకు అర డిగ్రీ మించకుండా వేడి చేయమనడానికి ఒక కారణం ఇది కూడా. రీవార్మింగ్‌లో షుగర్ కూడా దగ్గర దగ్గరగా చూడాలి, చల్లగా ఉన్నప్పుడు తగ్గిన ఖర్చు వెచ్చబడేకొద్దీ పెరుగుతుంది. ఫిట్స్ కూడా ఆ సమయంలో మళ్లీ రావచ్చు.

పొటాషియం నిజంగా ఎక్కువైతే ముందు ఈసీజీ చూడండి. టీ అలలు పొడవుగా, మొనదేలి ఉన్నా, క్యూఆర్ఎస్ అనే అల వెడల్పయినా 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ నెమ్మదిగా ఇవ్వాలి. అది పొటాషియాన్ని తగ్గించదు, గుండెను కాపాడుతుంది. తగ్గించడానికి ఇన్సులిన్, గ్లూకోజ్ అంటారు కానీ షుగర్ నిలకడ లేని ఈ బిడ్డలో ఇన్సులిన్ ఇస్తే తర్వాత కొన్ని గంటలు షుగర్ మీద కన్ను వేసే ఉండాలి. నేనైతే ముందు సాల్బ్యుటమాల్ నెబ్యులైజేషన్ (మందును ఆవిరిలా పీల్చించడం) వైపు వెళ్తాను.

ఎదురుచూస్తున్న_నాన్న:

డాక్టర్లు మాట్లాడుకుంటున్న చోట రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా పాప ఎన్ఐసీయూలో ఉంది. పుట్టగానే ఏడవలేదు. రోజూ రౌండ్స్ అయ్యాక డాక్టర్ గారు వచ్చి షుగర్ పడింది, సోడియం తక్కువ ఉంది, కాల్షియం ఇస్తున్నాం అని చెప్పి వెళ్తారు. ఆ రెండు నిమిషాల్లో మాకు ఏం అడగాలో కూడా తెలియదు. షుగర్ పడిందంటే పెద్దయ్యాక పాపకు షుగర్ జబ్బు వస్తుందా? ఇంట్లో పెద్దవాళ్లు అదే అంటున్నారు. మా ఆవిడ తన పాలు సరిపోవడం లేదు కాబట్టి ఇలా అయిందని ఏడుస్తోంది. ఇవన్నీ మా తప్పా?

నైట్‌డ్యూటీ_సిస్టర్:

నాన్నగారూ, ముందు మీ ఆవిడకు ఈ మాట చెప్పండి: ఇందులో ఆమె తప్పు ఏమీ లేదు. పాలు తక్కువవడం వల్ల పాప షుగర్ పడలేదు. పుట్టేటప్పుడు ఆక్సిజన్ అందక పాప తన నిల్వంతా ఖర్చు పెట్టేసుకుంది. ముర్రుపాలు కొన్ని చుక్కలే వస్తాయి మొదటి రోజుల్లో, ఎవరికైనా అంతే. ఆ చుక్కలే పిండి తెమ్మనండి. రెండు మూడు గంటలకోసారి పిండితేనే పాలు నిలుస్తాయి, పాప తాగే రోజుకు సిద్ధంగా ఉంటాయి. ఇప్పుడు నోటితో ఇవ్వకపోయినా నోట్లో చెంప లోపల రాయమని కొన్ని చోట్ల ఇస్తారు, మీ సిస్టర్‌ను అడగండి.

నవజాత_వైద్యుడు:

నాన్నగారూ, పుట్టిన మొదటి రోజుల్లో షుగర్ పడటానికీ, పెద్దవాళ్లకు వచ్చే షుగర్ జబ్బుకూ సంబంధం లేదు. ఇంట్లో పెద్దవాళ్లకు ఆ మాట ధైర్యంగా చెప్పండి.

మీ పాపను చూస్తున్న డాక్టరే మీకు సరైన జవాబు చెప్పగలరు, నేను పాపను చూడలేదు. కానీ ఏం అడగాలో చెప్పగలను. షుగర్ పడిన ప్రతిసారీ ఎంతసేపటికి మామూలు స్థాయికి వచ్చింది? ఫిట్స్ వచ్చాయా, వస్తే మందుతో ఆగాయా? మూత్రం సరిగా పోస్తోందా? ఎంఆర్ఐ ఎప్పుడు తీస్తారు? ఇవి అడిగితే వాళ్లే కూర్చుని వివరిస్తారు. ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి, ఎదురుగా నిలబడినప్పుడు అన్నీ మర్చిపోతాం, ఎవరికైనా అంతే.

ఒకటి మాత్రం నిజాయితీగా చెప్పాలి. ఈ అంకెలన్నీ సరైపోతే పాప పూర్తిగా బాగైనట్టు కాదు, ఊపిరాడని దెబ్బ ఎంత అన్నది వేరే విషయం, అది పరీక్ష చేస్తూ, పెరుగుదల గమనిస్తూ తెలుసుకోవాలి. అంకెలు అదుపులో ఉంచడం వల్ల ఆ దెబ్బ మీద ఇంకో దెబ్బ పడకుండా ఉంటుంది. మీ డాక్టర్లు రాత్రింబవళ్లు గుచ్చి గుచ్చి చూస్తున్నది అందుకే.

ఎదురుచూస్తున్న_నాన్న:

చాలా థాంక్స్ డాక్టర్ గారూ, సిస్టర్ గారూ. కాల్షియం గురించి కూడా ఒక ముక్క చెప్పరా? ఎముకలకు కదా కాల్షియం, ఇప్పుడెందుకు?

తీవ్రశ్వాస_ఫెలో:

ఎముకలకే కాదండి, నరాలూ గుండే కండరాలూ అన్నీ రక్తంలోని కాల్షియం మీద నడుస్తాయి. కడుపులో ఉన్నప్పుడు మాయ ద్వారా కాల్షియం ధారగా వస్తుంది, బొడ్డు కోయగానే అది ఆగిపోతుంది. కాల్షియాన్ని అదుపు చేసే పారాథైరాయిడ్ గ్రంథి మేల్కొని పని అందుకునేదాకా అందరి పిల్లల్లోనూ కొంచెం తగ్గుతుంది, మామూలుగా మొదటి ఒకటి రెండు రోజుల్లో. ఊపిరాడని బిడ్డలో ఆ గ్రంథి ఇంకా ఆలస్యంగా లేస్తుంది, కాల్షియాన్ని తగ్గించే కాల్సిటోనిన్ హార్మోన్ ఎక్కువ అవుతుంది, పగిలిన కణాల్లోంచి ఫాస్ఫేట్ బయటికి వచ్చి కాల్షియాన్ని కిందికి లాగుతుంది. అందుకే ఇస్తున్నారు.

పీజీ గారూ, మీ కేసులో మొత్తం కాల్షియం 6.9 అంటే నెలలు నిండిన బిడ్డకు తక్కువే, 8 కింద ఉంటే తక్కువ అంటాం. వీలుంటే అయనైజ్డ్ కాల్షియం (రక్తంలో దేనికీ అంటుకోకుండా ఉండే భాగం) చూడండి, పనిచేసేది అదే. ఆమ్లత్వం ఉన్నంతసేపు అయనైజ్డ్ కాల్షియం కొంచెం ఎక్కువగా నిలబడుతుంది. మీరు బైకార్బనేట్ ఇచ్చి పీహెచ్ పెంచగానే అది పడిపోయి వణుకు, ఫిట్స్ వస్తాయి. బైకార్బనేట్ అలవాటుగా ఇవ్వకూడదనడానికి ఇది ఇంకో కారణం. పైగా అందులో సోడియం కూడా ఉంటుంది, కొత్త తలనొప్పి.

పీజీ_పిల్లలవార్డు:

వణుకు, ఫిట్స్ తేడా ఎలా పట్టుకోవాలి సార్? రాత్రిపూట ఆ సందేహంతోనే ఫిట్స్ మందు ఫినోబార్బిటోన్ మొదలవుతుంది.

నవజాత_వైద్యుడు:

వణుకుతున్న చెయ్యిని మెల్లగా పట్టుకుని మడిచి ఉంచండి. వణుకైతే ఆగుతుంది, ఫిట్స్ ఆగవు. ముట్టుకుంటే వణుకు మొదలవుతుంది, ఫిట్స్‌కు ముట్టుకోవడంతో పని లేదు. కళ్లు ఒక పక్కకు తేలడం, రెప్పలు కొట్టుకోవడం, నోరు చప్పరించడం, ఊపిరి ఆగి గుండె వేగం మారడం ఉంటే ఫిట్స్ అనుకోండి. ఈఈజీలో (మెదడు విద్యుత్ తరంగాల పరీక్షలో) మాత్రమే కనిపించే ఫిట్స్ కూడా ఉంటాయి కాబట్టి ఒంటి మీద ఏమీ లేదని ధీమాగా ఉండకూడదు.

రెండింటిలో ఏదైనా సరే, ఫినోబార్బిటోన్ కంటే ముందు షుగర్ చూడాలి, కాల్షియం శాంపిల్ తీయాలి. షుగర్ తక్కువైతే డెక్స్‌ట్రోజ్, కాల్షియం తక్కువ అనిపిస్తే 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ కిలోకు 2 మి.లీ., పది నిమిషాలు తీసుకుని, మానిటర్ మీద గుండె వేగం చూస్తూ. వేగం తగ్గితే ఆపేయాలి. ఆ తర్వాతే కిలోకు 20 మి.గ్రా. ఫినోబార్బిటోన్. షుగర్ వల్ల వచ్చిన ఫిట్స్‌కు ఫినోబార్బిటోన్ ఇస్తే కదలిక ఆగుతుంది, మెదడు ఆకలి ఆగదు.

కాల్షియం ఇచ్చినా పెరగకపోతే మెగ్నీషియం చూడండి. అది తక్కువ ఉంటే పారాథైరాయిడ్ హార్మోన్ విడుదలే కాదు. 50 శాతం మెగ్నీషియం సల్ఫేట్ కిలోకు 0.2 మి.లీ. కండలోకి ఇస్తారు. దీనికి పూర్తి వ్యతిరేకం కూడా జరుగుతుంది. తల్లికి బీపీ పెరిగి ఫిట్స్ రాకుండా మెగ్నీషియం ఎక్కించి ఉంటే అది బిడ్డలోకి వస్తుంది. బిడ్డ మెత్తగా, కదలక, ఊపిరి సరిగా తీసుకోక ఉంటాడు, అచ్చం ఊపిరాడని బిడ్డలాగే. అందుకే తల్లి మందుల చార్టు అడగడం మానకండి.

చిన్నాసుపత్రి_డాక్టర్:

నా దగ్గర ఉన్నది గ్లూకోమీటర్, తూకం యంత్రం, 10 శాతం డెక్స్‌ట్రోజ్, కాల్షియం గ్లూకోనేట్. వీటితో పంపే ముందు ఏం చేయాలి? సూటిగా చెప్పండి.

నవజాత_వైద్యుడు:

ఊపిరి, గుండె నిలబడ్డాక షుగర్. తక్కువైతే బోలస్, ఆపైన డ్రిప్, డ్రిప్ ఆగకుండా అంబులెన్స్‌లో కూడా నడవాలి. బయల్దేరేముందు ఒకసారి, దారి పొడవైతే మధ్యలో ఒకసారి షుగర్ చూడమని సిస్టర్‌కు చెప్పండి. తల్లి మందుల వివరాలు, బిడ్డ మూత్రం పోశాడో లేదో, ఎంత ద్రవం ఎక్కిందో కాగితం మీద రాసి పంపండి. బిడ్డ వేడెక్కకుండా చూడండి, ఊపిరాడని బిడ్డకు జ్వరం ఉష్ణోగ్రత చాలా చెడ్డది. కూలింగ్ సౌకర్యం ఉన్న చోటికి పంపుతుంటే పుట్టిన ఆరు గంటల లోపు మొదలవ్వాలి, కాబట్టి సోడియం రిపోర్టు కోసం ఆగకండి.

పీజీ_పిల్లలవార్డు:

సార్, షుగర్ ఎంత గ్లూకోజ్ ఇచ్చినా నిలవకపోతే?

నవజాత_వైద్యుడు:

నిమిషానికి కిలోకు 12 మి.గ్రా. దాటినా నిలవకపోతే ఇన్సులిన్ ఎక్కువ ఉందని అనుమానించాలి. షుగర్ తక్కువ ఉన్న ఆ క్షణంలోనే ఇన్సులిన్, కీటోన్లు, కార్టిసాల్ శాంపిల్ తీసి పెట్టుకోండి, సరిచేశాక తీస్తే పనికిరాదు. ఇన్సులిన్ విడుదలను తగ్గించే డయజాక్సైడ్ గురించి ఆలోచించవచ్చు. కానీ అది ఒంట్లో నీరు నిలబెడుతుంది, ఊపిరితిత్తుల బీపీ పెంచుతుంది. ఊపిరాడని పిల్లల్లో ఆ రెండూ ముందే ఉండొచ్చు, కాబట్టి పెద్ద సెంటర్‌తో మాట్లాడకుండా మొదలుపెట్టకండి. తగ్గించేటప్పుడు కూడా ఒక్కసారిగా డ్రిప్ పీకేయకండి. పాలు పెరుగుతుంటే ఆరు గంటలకోసారి ఒకటి రెండు మి.గ్రా. చొప్పున తగ్గించండి. డ్రిప్ పూర్తిగా ఆగాక పాలకు ముందు చూసిన షుగర్లు నిలకడగా ఉంటేనే ఇంటికి.

పీజీ_పిల్లలవార్డు:

అందరికీ ధన్యవాదాలు. వార్డు గోడ మీద అతికించడానికి చార్టు రాస్తున్నాను. షుగర్ టైములు, గ్లూకోజ్ లెక్క, రోజూ తూకం, డైపర్ బరువు, సోడియం పక్కనే తూకం కనిపించేలా ఒకే వరుసలో. ఇంకేమైనా మర్చిపోయానా?

నైట్‌డ్యూటీ_సిస్టర్:

కాల్షియానికి వేరే లైన్ అని పెద్ద అక్షరాల్లో రాయండి డాక్టర్ గారూ. బైకార్బనేట్ వెళ్లే లైన్‌లో కలిస్తే తెల్లగా గడ్డకట్టి లైన్ మూసుకుపోతుంది. చేతి సిరలో ఇస్తుంటే సూది పక్కన చర్మం ఉబ్బిందేమో ఎవరో ఒకరు నిలబడి చూడాలి, బయటికి కారితే చర్మం మాడిపోతుంది. ఎవరు నిలబడ్డారో సంతకం పెట్టే గడి కూడా ఒకటి పెట్టండి.